పావు గడియ ఆలస్యం

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యపు కోటకు ఎదురుగా వరసగా మూడు కొండలు. ఆ కొండల అవతల వెదుళ్లపాడు అనే చిన్న పల్లె. అక్కడ నూకాలు అనే మేదరి పిల్ల బుట్టలు అల్లుకుంటూ బతికేది.

ఒక వానాకాలం ఆ పల్లెకు విషజ్వరం వచ్చింది. ముగ్గురు పోయారు. వాళ్లలో నూకాలు తమ్ముడొకడు.

నూకాలు కోటకు వెళ్లి సుధన్వ మహారాజు ఎదుట నిలబడింది. "ప్రభూ! ఈ జ్వరానికి మీ వైద్యుడి దగ్గర పసరుమందు ఉందట. మా పల్లెకూ పంపించండి."

రాజవైద్యుడు తల అడ్డంగా ఊపాడు. "నూరిన పసరు ఏడు గడియలే పనిచేస్తుంది తల్లీ. మీ దారి ఏడు క్రోసులు. ఆ రాళ్ల మీద గుర్రం నిలవదు, మనిషి అంత వేగంగా దాటలేడు."

"దాటితే?" అంది నూకాలు.

"దాటి చూపిస్తే ప్రతి వానాకాలం పసరు పంపిస్తాం" అన్నాడు రాజు. "ఎవరు దాటుతారు?"

"నేనే."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. నూకాలు మాత్రం క్రోసుకు ఒక గడియ అని లెక్క వేసుకుంది. మూడు నెలలు పొద్దున్నే లేచి పరుగు సాధన చేసింది. మొదటిరోజు అర క్రోసుకే కూలబడింది. మూడో నెలకు అయిదు క్రోసులు పరుగెత్తింది.

పరుగు రోజు రానే వచ్చింది. గడియల గంట కోటలోనే ఉంది కనుక పరుగు పల్లె నుంచి కోటకు పెట్టారు. సూర్యుడు పొడవగానే వెదుళ్లపాడులో రాజభటుడు కత్తి ఎత్తాడు. పల్లెంతా ఈలలు వేసింది. ఆ ఊపులో నూకాలు మొదటి కొండను లేడిపిల్లలా ఎగబాకింది. సగం ఎక్కేసరికి పిక్క పట్టేసింది. రాతి మీద కూర్చుని ఏడ్చింది.

మేకలు తోలుకెళ్తున్న ముసలమ్మ ఆగింది. "ఎందుకే అలా తరుముతున్నావు? కొండేమన్నా పారిపోతుందా?"

నూకాలుకు ఏడుపులోనే నవ్వొచ్చింది. పిక్క పిసుక్కుని లేచింది.

రెండో కొండ మొదట్లో తన పని గుర్తొచ్చింది. వెదురు చీల్చేటప్పుడు కణుపు దగ్గర కత్తిని తొందరపెట్టకూడదు. తొందరపెడితే బద్ద పక్కకు చీలిపోతుంది. కణుపు దాటితే కత్తి దానంతటదే జారుతుంది. "ఈ కొండా కణుపే" అనుకుంది. చిన్న చిన్న అడుగులతో ఎక్కింది. పైకి చేరేసరికి గాలిలో కోట గంట వినిపించింది. నాలుగో గడియ! అక్కడికి నాలుగు క్రోసులు. లెక్క సరిపోయింది.

మూడో కొండ మహా నిటారు. ఎండ ముదిరింది. నూరు అడుగులు, మళ్లీ నూరు అడుగులు అని లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. మధ్యలో ఆరో గంట వినిపించింది. అక్కడినుంచి ఒక్క అడుగు కూడా వదలకుండా లెక్కపెట్టింది.

ఆమె కోట గడప తొక్కగానే ఏడో గంట మోగింది. జనం చప్పట్లు కొట్టారు.

"గెలిచావు నూకాలూ!" అన్నాడు రాజు.

నూకాలు గంట వైపు చూసింది. నీళ్ల తొట్టిలో, గడియ నిండగానే మునిగే చిల్లు గిన్నె ఎప్పుడో మునిగి అడుగున పడి ఉంది. నీళ్లు కదలడం లేదు. గంట కొట్టే తాత కన్ను గీటాడు. "నోరు మెదపకే పిల్లా" అని గొణిగాడు.

నూకాలు రాజు వైపు తిరిగింది. "ప్రభూ, నేను గెలవలేదు. నా పరుగులో గడియకు మూడు వేల అడుగులు. ఆరో గంట తర్వాత మూడు వేల ఏడు వందల యాభై వేశాను. ఏడో గంట పావు గడియ కిందటే మోగి ఉండాలి."

తాత తల దించుకున్నాడు. "తప్పు నాదే ప్రభూ. తూలుతూ వస్తున్న ఆ పిల్లను చూసి నాకు చెయ్యి లేవలేదు."

"నీ పల్లె కోసం ఇంత కష్టపడి, నీ నోటితోనే ఓడిపోతావా?" అన్నాడు రాజు.

"ఈ గంటను నమ్మి మీరు రేపు మందు పంపిస్తారు ప్రభూ. అది పావు గడియ ఆలస్యంగా చేరుతుంది. పనిచేయని ఆ పసరు తాగి మావాళ్లు బతుకుతామనుకుంటారు."

వైద్యుడు ముందుకు వచ్చాడు. "ఎక్కడ ఆలస్యమైంది తల్లీ?"

"రెండో కొండ నెత్తి దాకా నాలుగు క్రోసులు, నాలుగు గడియలు. మిగిలిన మూడు క్రోసులకు మూడుంపావు పట్టింది. అప్పటికి నా కాళ్లలో సత్తువ అయిపోయింది."

వైద్యుడి కళ్లు మెరిశాయి. "అయితే ఒక్కరే ఎందుకు పరుగెత్తాలి? ఆ కొండ మీద ఇంకొకరు నిలబడి పసరు నింపిన సొరకాయ బుర్ర అందుకుంటే!"

రాజు అప్పటికప్పుడు విడతకు ఇద్దరేసి పరుగువాళ్లను పెట్టించాడు. దారి తెలిసిన నూకాలే వాళ్లను ఎంచింది. మరుసటి వానాకాలం జ్వరం మళ్లీ వచ్చింది. పసరు ఆరున్నర గడియల్లో వెదుళ్లపాడు చేరింది. ఆ ఏడాది అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

పిల్లలూ, ఓటమినైనా ఉన్నదున్నట్టు చెప్పేవారికే గెలుపు దారి దొరుకుతుంది.