పల్లకీలో ఎగిరిన బంతి

గవ్వలకోట రాజు రణధీర రాయలకి కంప్యూటర్ల పిచ్చి. మామూలు పిచ్చి కాదు, బాగా ముదిరిన పిచ్చి. రాజులూ పల్లకీలూ ఉన్న చోట కంప్యూటర్లేమిటని నన్నడక్కండి. ఆ కోటలో ఉన్నాయంటే ఉన్నాయి, అంతే.

ఒకనాడు ఆస్థాన యంత్ర పండితుడు భైరవభట్టు పెళ్లికొడుకులా ముస్తాబై, సరికొత్త కంప్యూటర్‌ని సభలో పెట్టించి మీట నొక్కాడు. తెర మీద ఎరుపూ తెలుపూ గళ్ల బంతి ఒకటి ప్రత్యక్షమైంది. గిర్రున తిరుగుతూ, కిందికి దిగి టప్పున పైకి ఎగురుతోంది. సభ సభంతా నోరెళ్లబెట్టింది.

చూస్తూ చూస్తూ ఉండగానే రాజుగారికి ఓ కోరిక పుట్టింది.

"భట్టూ! చిన్నప్పుడు మా అమ్మ కొనిచ్చిన పెట్టె ఉంది కదా, అది కూడా ఈ బంతిని ఆడిస్తుందా?"

భట్టు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ డొక్కు పెట్టా! చీమ చేత ఏనుగుని మోయించినట్టే, మహారాజా!"

ఆ పెట్టె సంగతి చెప్పాలి. కీబోర్డులోనే మొత్తం ఇమిడిపోయిన బుల్లి కంప్యూటర్ అది. టీవీకి తగిలిస్తేనే బొమ్మ, క్యాసెట్ తిప్పితేనే ప్రోగ్రాం. రాజమాత జ్ఞాపకం కాబట్టి, గది దాటిందంటే టీవీతో సహా పల్లకీలోనే రావాలని కోట ఆచారం. దాని ఆలనా పాలనా చూసేది సోమిదేవమ్మ. రాజుగారికి చిన్నప్పుడు దాని మీద ఆటలు నేర్పింది ఆవిడే. ఇప్పుడు కోటలో పిల్లలందరికీ నేర్పుతోంది. మనసు వెన్నే గానీ, నాలుకకి పదునెక్కువ.

భట్టుకి ఆ పెట్టె ఉండే గది మీద ఎప్పట్నుంచో కన్ను. సందు దొరికింది, వదుల్తాడా?

"పందెం వేద్దాం మహారాజా! పున్నమిలోగా ఆ పెట్టె ఈ బంతిని ఆడించకపోతే దాన్ని పాతసామాన్లవాడికి తోలేయండి, గది నాకిప్పించండి. ఆడించిందా, ఆ పల్లకీ నేనే మోస్తా!"

"సోమిదేవమ్మగారూ, మీరేమంటారు?" అన్నారు రాజుగారు, సభలో ఓ పక్కన నిలబడి చూస్తున్న ఆవిడతో.

సోమిదేవమ్మకి పిల్లలు గుర్తొచ్చారు. ఆ పెట్టె పోతే పిల్లలకి దిక్కేది? తనకి మాత్రం ఏముంది? అయినా పైకి తేలనివ్వకుండా, అమాయకంగా మొహం పెట్టి భట్టు వైపు తిరిగింది.

"అలాగే, మహారాజా. కానీ భట్టుగారూ, ఒక్క సందేహం. ఇంత పెద్ద బంతిని క్షణక్షణానికీ చెరిపి, మళ్లీ మళ్లీ గీస్తోందా మీ యంత్రం? పాపం, ఎంత శ్రమో!"

పొగిడితే భట్టు ఆగుతాడా? మీసం దువ్వాడు.

"వెర్రిదానా! గీసేది ఒక్కసారే. బంతి తిరగదు, గళ్లలో రంగులే చోటు మారుతుంటాయి. బంతి ఎగరదు, తెరే పైకీ కిందికీ జరుగుతుంది. తెలివంటే అదీ!"

"ఆహా! తెలివంటే అదన్నమాట!" అని దణ్ణం పెట్టి, సోమిదేవమ్మ చక్కా వెళ్లిపోయింది.

పున్నమి రానే వచ్చింది. పెట్టె, టీవీ పల్లకీలో ఊరేగుతూ సభకొచ్చాయి. వెనకాల తోకలాగా పొడుగాటి వైరు. సోమిదేవమ్మ తను రాసుకొచ్చిన ప్రోగ్రాం క్యాసెట్ పెట్టింది. ప్రోగ్రాం పెట్టెలోకి ఎక్కుతూ కీచుకీచుమని అరిచిన అరుపుకి భట్టు చెవులు మూసుకున్నాడు.

"ఎవరి పీక పిసుకుతున్నారమ్మా?" అని వెటకారం కూడానూ.

కీచు ఆగింది. తెర మీద ఎరుపూ తెలుపూ గళ్ల బంతి! అంచులు కాస్త మొరటే, చెక్కు తీసిన కందలా ఉంది. కానీ గిర్రున తిరుగుతోంది. రాజుగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

"తిరిగితే సరా? ఎగరాలిగా!" భట్టు లేచి నిలబడ్డాడు. "తెరని జరిపే సత్తువ ఆ పెట్టెకి లేదు. ఏదీ, ఎగరెయ్యమనండి!"

అది నిజమే. రంగులు మార్చేసరికే పెట్టె పని అయిపోయింది. రాజుగారి మొహం వాడిపోయింది, తల్లి జ్ఞాపకం కదా మరి.

సోమిదేవమ్మ కొంగు బిగించి బోయీల వైపు తిరిగింది.

"ఎత్తండి నాయనా! ఆఁ, దించండి! ఎత్తండి, దించండి!"

పల్లకీ లేచింది, దిగింది. దాంతోపాటు టీవీ, అందులో బంతీ! హుయ్ అంటే పైకి, హుయ్ అంటే కిందికి. బోయీలకి అలవాటైన ఊపేమో, బంతి ఎంచక్కా ఎగురుతోంది.

"మోసం! పచ్చి మోసం!" భట్టు గంతులేశాడు. "బంతి తిరగడం లేదు, రంగులే చోటు మారుతున్నాయి! బంతి ఎగరడం లేదు, తెరే పైకీ కిందికీ జరుగుతోంది!"

సోమిదేవమ్మ నెమ్మదిగా అంది:

"మీ పెట్టె చేస్తే తెలివి, మా పెట్టె చేస్తే మోసమా, భట్టుగారూ?"

భట్టు తల వంచుకున్నాడు. ఆ మాటలే తను గొప్పగా చెప్పగా ఇదే సభ విని ఉంది, ఇంకేం బుకాయిస్తాడు?

రాజుగారు నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకున్నారు. మెళ్లో ముత్యాల హారం తీసి సోమిదేవమ్మ చేతిలో పెట్టారు.

"మా అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో! ఆ గది ఇక మీదే, పెట్టె జోలికి ఎవరూ రారు. భట్టూ, పందెం గుర్తుందా?"

ముందు బోయీ పక్కకి తప్పుకున్నాడు. భట్టు జరీ ఉత్తరీయం నడుముకి చుట్టుకుని, ఏడవలేక నవ్వుతూ పల్లకీ కొమ్ము కింద భుజం పెట్టాడు. రెండడుగులు వేశాడో లేదో పల్లకీ ఒక పక్కకి ఒరిగింది. టీవీలో బంతి ఓ మూలకి వాలింది.

"భట్టుగారూ, కాస్త అడుగు కలపండి," అంది సోమిదేవమ్మ. "మీ తెర సరిగ్గా జరగడం లేదు!"

సభ ఘొల్లుమంది.