తాటిదుంగల జీపు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది, ఎండాకాలం. కొండపాలెంలో సన్యాసయ్య, గవరయ్య అని ఇద్దరు అన్నదమ్ములు. ఊళ్ళో తెలివంతా తమ తలల్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. అది కారిపోకుండా బయటికెళ్ళేటప్పుడు తలపాగాలు బిగించి కట్టుకునేవాళ్ళు.

చెల్లెలు బంగారమ్మకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి అప్పలస్వామి ఒకటే మాట చెప్పాడు: "మధ్యాహ్నం భోజనంలో పెరుగు లోటైతే, రాత్రి ముహూర్తం దాకా ఉండను. మావాణ్ణి తీసుకుని వెళ్ళిపోతాను."

పెరుగు కుండలు పక్క ఊరి నుంచి తమ జీపులో తేవాలి. దానికి పైకప్పూ లేదు, ముందు అద్దమూ లేదు. ఎక్కగానే యాక్సిలరేటరు గట్టిగా తొక్కడం సన్యాసయ్య అలవాటు.

"అలా తొక్కకండి బాబూ, బరువు వెనక్కి పోతుంది. కుండలు ఒలుకుతాయి" అన్నాడు మెకానిక్కు ఖాదరు.

అంతే. సన్యాసయ్య జీపు ఉరికించాడు. పోయే బరువుని పట్టుకుందామని గవరయ్య గోనెసంచితో వెనకే పరిగెత్తాడు.

"దొరికిందా తమ్ముడూ?"

"సంచిలో ఏమీ కనపడలేదన్నయ్యా. కానీ కాళ్ళు లాగేస్తున్నాయి. బరువు ఇందులోనే ఉండుంటుంది."

ఖాదరు తల పట్టుకున్నాడు. "బరువు బండి దిగదయ్యా! వెనక చక్రాల మీద ఎక్కువ ఆనుతుంది. స్ప్రింగులు అణిగి వెనక కుంగుతుంది, ముందు లేస్తుంది."

"స్ప్రింగులు గట్టివైతే?" అన్నాడు సన్యాసయ్య.

"కుంగడం తగ్గుతుంది. బరువు మాత్రం పోయేంతా పోతుంది."

మొదటి మాట విన్నారు, రెండోది వదిలేశారు. ఇంకేముంది, స్ప్రింగులు పీకేసి తాటిదుంగలు బిగించారు.

"కుంగేది కంటికి కనపడుతుంది, బరువు కనపడదు" అని ఖాదరు మొత్తుకున్నాడు.

"కనపడనిదానికి భయపడడానికి మేమేమన్నా వెర్రివాళ్ళమా?"

"అన్నయ్యా, మెల్లగా పోనిస్తే సరిపోదా?" అంది బంగారమ్మ.

"మెల్లగా పోవడానికా ఇన్ని దుంగలు కొట్టించాం? బండి సంగతులు నీకెందుకు? వెళ్ళి పసుపు రాసుకో!"

పెళ్ళిరోజు కుండలెక్కించి సన్యాసయ్య గట్టిగా తొక్కాడు. జీపు వెనక ఏమాత్రం కుంగలేదు.

"బరువు ఆగిపోయిందిరా!" అని అన్న, "ఆగిపోయిందన్నయ్యా!" అని తమ్ముడు. పెరుగు మాత్రం ఒలికి వెనక్కి పారుతోంది. దుంగల మీద బండి గులకరాయికి కూడా ఎగిరెగిరి పడుతుంటే, కుండల్లో మిగిలింది మజ్జిగైంది. పైన తేలిన వెన్న చూసి గవరయ్య మురిసిపోయాడు. "గట్టి బండిలో పెరుగు కూడా గట్టిపడిందన్నయ్యా!"

పందిరి కనపడే దూరంలో ఆగి చూస్తే కుండలు సగం ఖాళీ. వెనక చెక్క మీద మడుగు. గవరయ్య ఏడుపందుకున్నాడు.

"ఏడవకురా. తొక్కితే వెనక్కి పోయింది కదా? బ్రేకేస్తే ముందుకొస్తుంది. ఒలికినదంతా మళ్ళీ కుండల్లోకి ఎక్కుతుంది!"

అంతే. జీపు ఉరికించి, విస్తళ్ళ ముందు కూర్చున్న పెళ్ళివారి ఎదుట బ్రేకు మీద నిలబడ్డాడు. కుండలన్నీ అన్నదమ్ముల తలల మీదుగా ఎగిరి అప్పలస్వామి మీద పగిలాయి.

"ఏంటయ్యా ఇది!" అన్నాడాయన, మీసాల నుంచి మజ్జిగ కారుతుంటే.

సన్యాసయ్య చేతులు జోడించాడు. "కదలకండి మావయ్యగారూ! మీవాళ్ళందరినీ విస్తళ్ళు పట్టుకుని మీ చుట్టూ కూర్చోమనండి. ఒక్కరికి కూడా లోటు రానివ్వం."

గవరయ్య అప్పటికే గరిటెతో ఆయన భుజం గీకుతున్నాడు.

పెళ్ళివారు అన్నం ముట్టకుండా లేచి వెళ్ళిపోయారు. బంగారమ్మ పెళ్ళి ఆగిపోయింది.