దాలమ్మ మలుపు

అనగా అనగా, మీ తాతకి తాత ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, మోదుగుల కనుమ మీదుగా కొండ ఊళ్ళకి కొత్తగా బండ్ల దారి పడింది. దారి అంటే ఇప్పటి తారు రోడ్డు అనుకునేరు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో ఒక్క బండి పట్టేంత మట్టి బాట. వానాకాలంలో ఆ బాట జారిపోయేది. చలికాలంలో మంచు కమ్మి ఎడ్ల కొమ్ములు కూడా కనిపించేవి కావు. అందుకని మైదానం బండ్లవాళ్ళంతా వసంతం కోసం కాచుకుని కూర్చునేవారు. మోదుగులు ఎర్రగా విరగబూయగానే ఉప్పు బస్తాలు, ఎండుచేపల గంపలు ఎత్తుకుని వరసకట్టి కొండెక్కేవారు. ఊరూరా ఆగి ఉప్పు కొలిచి ఇచ్చి, బదులుగా పసుపు, చింతపండు, పిప్పళ్ళు నింపుకుని దిగొచ్చేవారు.

ఆ కనుమలో మూడు మలుపులు. మూడూ గడ్డువే. మూడింటిలో రెండోది మరీ గడ్డుది. అక్కడికి వచ్చేసరికి ఎడ్లు నురగలు కక్కేవి. బండి ఆపాలి, ఎడ్లకి ఊపిరి అందనివ్వాలి. ఆపితే బండి వెనక్కి జారుతుంది. అందుకని బండి వెనక నడిచేవాళ్ళు చటుక్కున ఒక రాయి తెచ్చి చక్రం వెనక అడ్డం పెట్టేవారు. ఎడ్లు తేరుకున్నాక అదిలిస్తే బండి కదిలేది. ఎగువ దారిలో కదిలిన బండిని మళ్ళీ ఆపలేరు కదా, అందరూ దాని వెంట పరుగెత్తేవారు. రాయి బాట మధ్యలోనే ఉండిపోయేది.

ఎక్కేవాడికి ఆ రాయితో పని అయిపోయింది. దిగేవాడి సంగతి ఎవరికీ తట్టలేదు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు. మనం మాత్రం తక్కువ తిన్నామా?

ఆ బండ్లలో ఒకటి అసిరయ్యది. అతని భార్య దాలమ్మ. పిల్లల్లేరు, పొలం లేదు, ఉన్నదల్లా ఆ బండి, ఆ జత ఎడ్లు. అతను బండి తోలేవాడు, ఆమె వెనక నడిచేది. రాయి పెట్టే పని ఆమెదే. ఇంట్లో తిరగలి పగిలితే అందులో సగం ముక్క తెచ్చి బండిలో వేసుకుంది. అడుగు చదునుగా ఉంటుంది, చక్రం కింద దొర్లదు. బండి కదలగానే దాన్ని ఎత్తుకుని వెంట పరుగెత్తేది. "మా ఆడది తిరగలితో బండిని ఆపుద్దిరా" అని అసిరయ్య తోటి బండ్లవాళ్ళ దగ్గర వేళాకోళం చేసేవాడు.

ఒక వసంతంలో ఎప్పటిలాగే కొండెక్కుతున్నారు. రెండో మలుపులో బండి ఆగింది. దాలమ్మ తిరగలి ముక్క పెట్టింది. గాలికి మోదుగు పూలు జలజలా రాలుతున్నాయి. ఎడ్లు తేరుకునేలోపు ఒళ్ళో పట్టినన్ని ఏరుకుంది.

"ఒలే దాలీ, బండెల్లిపోతంది! నువ్వా పూలేరుకుంటా అక్కడే కాపరం ఎట్టు" అని అరిచాడు అసిరయ్య.

ఆమె నవ్వుకుంటూ పరుగెత్తింది. రాయి బాటలోనే ఉండిపోయింది.

మూడో మలుపులో గుర్తొచ్చింది. "ఓలమ్మో, తిరగలి ముక్క ఒగ్గీసినాను" అంది.

"పోనీలే. దిగినప్పుడు తెచ్చుకుందాం" అన్నాడు అసిరయ్య.

ఊళ్ళు తిరిగారు, ఉప్పు అమ్ముడైంది, పసుపు నిండింది. ఇన్ని పనుల్లో తిరగలి ముక్క సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

దిగేనాడు పొద్దు వాలుతోంది. ఎండ నేరుగా అసిరయ్య కళ్ళలో పడుతోంది. దిగువ దారిలో బండి తోసుకుపోకుండా వెనక ఒక తాడు కట్టి, దాన్ని రెండు చేతులా బిగపట్టి దాలమ్మ నడుస్తోంది. రెండో మలుపులో చక్రం దేనిమీదో ఎక్కింది. బండి ఒరిగింది. తాడు ఆమె అరచేతుల చర్మం ఒలుచుకుని జారిపోయింది. బండి, ఎడ్లు, అసిరయ్య లోయలో పడిపోయారు.

బాట మధ్యలో రాయి మిగిలింది. సగం గుండ్రం, నడుమ సగం చిల్లు. దాలమ్మ దాన్ని చూసింది. చూసి దాని మీదే కూలబడిపోయింది.

వెనక బండ్లవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. లోయలోకి దిగారు, అసిరయ్యని మోసుకొచ్చారు. అతని ప్రాణం అప్పటికే పోయింది. "ఏ పాపిష్టోడు ఒగ్గీసినాడే రాయి?" అని అడిగారు. దాలమ్మ ముక్క మీద చీరకొంగు కప్పుకుని అలాగే కూర్చుంది.

అడిగినవాళ్ళు కూడా రెండోసారి అడగలేదు. ఎందుకడుగుతారు? ప్రతివాడూ ఆ మలుపులో ఆగినవాడే, రాయి వదిలేసినవాడే. అది నాది కాదు కదా అని ఎవరికి వారు లోలోపల భయపడ్డారు.

దాలమ్మ తిరిగి ఇంటికి వెళ్ళలేదు. ఆ మలుపులోనే ఆకుల గుడిసె వేసుకుంది. చిరుతలు తిరిగే చోటు, వద్దంటే వినలేదు. మూడు రాళ్ళతో పొయ్యి పెట్టుకుంది. అందులో ఒకటి ఆ తిరగలి ముక్క. బండి కదిలిన ప్రతిసారీ బాట మీదికి వచ్చి, వదిలేసిన రాయి ఎత్తి, లోయ అంచున పెట్టేది. "రాయి తీసెయ్యండి నాయినా" అని ఎదురైన ప్రతివాడినీ బతిమాలేది. వాళ్ళు సరే అనేవారు, మరిచిపోయేవారు. రాళ్ళ దాలమ్మ అని పేరు పెట్టారు.

పేరు పెట్టినా అన్నం పెట్టారు. ఎక్కే ప్రతి బండీ ఆమె గుడిసె ముందు ఇన్ని బియ్యం పోసి వెళ్ళేది. ఎవరో చేసిన తప్పుకి మొగుణ్ణి పోగొట్టుకున్న తల్లి అని దణ్ణం పెట్టేవారు. ఆ దణ్ణం చూస్తే ఆమెకి తల కొట్టేసినట్టుండేది. ఆ మెతుకులు గొంతు దిగేవి కావు. అయినా తినేది. ఆకలి ఆగదు కదా.

ఆ బండ్లవాళ్ళలో తవిటయ్య అని ఒక కుర్రవాడు. ఆ వసంతంలో కొండెక్కేటప్పుడు అసిరయ్య బండికి ముందున్నది అతని బండే, అతనూ అదే మలుపులో ఆగాడు.

మొదటి వసంతంలో తవిటయ్య ఒక బస్తా బియ్యం గుడిసె ముందు దించాడు. ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఎందుకు చూడలేదో దాలమ్మకి అర్థమైంది. నిజం నోటిదాకా వచ్చింది. మింగేసింది.

రెండో వసంతంలో వచ్చి గుడిసె కప్పు కొత్తగా నేశాడు. పెళ్ళి కుదిరితే వద్దన్నాడని తోటివాళ్ళు చెప్పుకుంటున్నారు. మనిషి సగమైపోయాడు. నిజం నోటిదాకా వచ్చింది. మింగేసింది.

మూడో వసంతంలో ఎడ్లని కాడి నుంచి విప్పి పగ్గాలు పట్టుకుని గుడిసె ముందుకి తోలుకొచ్చాడు. వెనక బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. అందరూ చూస్తుండగా సొంత అక్క కాళ్ళ మీద పడ్డట్టు దాలమ్మ కాళ్ళ మీద పడ్డాడు.

"అప్పా, ఈ ఎడ్లు నీయి. అసిరి బావని సంపేసింది నానే. ఆ యేడు కొండెక్కినప్పుడు ఇక్కడే బండాపినాను. నా రాయి ఒగ్గీసి ఎలిపోనాను. మూడేళ్ళ బట్టీ నాకు ముద్ద దిగతం నేదప్పా. ఎడ్లు తీసుకో. నానింక బండి తోల్ను."

ఎడ్లు పోతే బండివాడికి ఏముంటుంది? ఊరి చివర కూర్చుని అడుక్కోవడమే.

దాలమ్మకి ఈసారి మింగుడు పడలేదు. "లే తవిటీ. నీ రాయి కాదురా" అంది.

"నన్నూరుకోబెట్టడానికి అంటన్నావు."

"కాదు. ఉండు."

లోపలికి వెళ్ళింది. ఉడుకుతున్న కుండ దించింది. పొయ్యిలోని మూడో రాయిని చీరకొంగుతో పట్టి లాగింది. వేడికి చేతులు కాలుతున్నా బయటికి తెచ్చి అందరి ముందూ పడేసింది. నల్లగా మసి. సగం గుండ్రం, నడుమ సగం చిల్లు.

"సూడండి. మా యింటి తిరగలి. నానే ఎట్టినాను, నానే ఒగ్గీసినాను. పూలేరుకోడంలో పడి మర్సిపోనాను. నా మొగుణ్ణి సంపుకున్నది నానే. ఈ గుంటడు కాదు."

 అసిరయ్య వేళాకోళం అందరికీ గుర్తుంది. ఆ ముక్కని గుర్తుపట్టనివాడు అక్కడ లేడు.

అందరిలోకీ పెద్దవాడు కన్నప్పడు ముందుకొచ్చాడు.  "మూడేళ్ళు మా బియ్యం తిన్నావు. ఆ పాపం మా అందరి మీదా ఒగ్గీసి నోరు మూసుకు కూకున్నావు. నీకు సిగ్గు నేదేటే?"

"ఉంది నాయినా. ఆ సిగ్గుకే నోరు రానేదు. సెప్తే నన్నిక్కణ్ణుంచి తరిమేస్తారనుకున్నాను. తరిమేస్తే ఈ రాళ్ళెవులు తీస్తారు? ఇప్పుడు తరిమేసినా ఎలిపోతాను. ఆడి ఎడ్లు మాత్రం ఆడికి కట్టండి."

ఒకడు కాండ్రించి ఉమ్మాడు. ఒకడు మొహం తిప్పుకున్నాడు. ఒకడు, ఇంత కాలం నిద్ర పట్టనివాడు కాబోలు, బండి చక్రం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

తవిటయ్య లేచి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మూడేళ్ళ బరువు దిగినవాడు గంతులేస్తాడనుకుంటాం. అతను బాట మీదికి నడిచాడు. అక్కడ ఒక రాయి పడి ఉంది. కన్నప్పడు తన బండిని కాస్త ముందుకి జరిపినప్పుడు చక్రం వెనక వదిలేసిన రాయి అది. అందరూ చూసిందే. తవిటయ్య దాన్ని ఎత్తి, లోయ అంచుకి మోసుకెళ్ళి, దాలమ్మ పెట్టిన రాళ్ళ పక్కన పెట్టాడు.

"అదెవుడి రాయిరా?" అన్నాడు కన్నప్పడు. తనదేనని తెలిసే అడిగాడు.

"నాదే" అన్నాడు తవిటయ్య.

 కన్నప్పడు తిరగలి ముక్క దగ్గరికి వెళ్ళి వంగాడు. ముసలి నడుము, బరువైన రాయి. ఇంకా చల్లారని వేడి తగులుతున్నా, మసి గుండెకి అంటుకుంటున్నా ఎత్తుకుని లోయ అంచుకి తీసుకెళ్ళాడు. తవిటయ్య రాయి పక్కన దించాడు.

"ఇదీ నాదే" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది దాలమ్మ. మొగుడు పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

ఆమెని ఎవరూ తరమలేదు. బియ్యం పోయడమూ మానలేదు. ఆ వసంతం లగాయతు ఆ బియ్యం ఆమె గొంతు దిగాయి. తవిటయ్య పెళ్ళి చేసుకున్నాడు. దాలమ్మ చాలా ఏళ్ళు బతికింది. మోదుగులు పూసిన ఒక చైత్రంలో పొద్దున్నే చచ్చిపోతే, ఆ రోజు కొండెక్కాల్సిన బండ్లవాళ్ళంతా ఆగి ఆమెని ఆ మలుపులోనే దహనం చేశారు.

ఆమెకి గుడి కట్టలేదు. విగ్రహం పెట్టలేదు. ఏటేటా తీసి పెట్టిన రాళ్ళు లోయ అంచున పేరుకుని నడుమెత్తు గోడయ్యాయి. ఆ గోడ కట్టినవాడు ఫలానా అని చెప్పడానికి ఎవరూ లేరు. దానికి తగిలి ఆగిన బండ్లు మాత్రం చాలా ఉన్నాయి. బండ్ల తర్వాత బస్సులు వచ్చాయి, జీపులు వచ్చాయి. ఇప్పుడు వసంతం రాగానే పట్నం వాళ్ళు కార్లేసుకుని మోదుగు పూలు చూడ్డానికి కొండెక్కుతున్నారు. ఇంజను వేడెక్కితే ఆ మలుపులోనే ఆపుతారు. చక్రం వెనక రాయి పెడతారు. పాత అలవాటే, కొందరు మరిచిపోయి వెళ్ళిపోతారు.

వెనక వచ్చే బండి మాత్రం ఆగుతుంది. ఆ దారిలో తిరిగే ఏ డ్రైవరైనా దిగుతాడు. రాయి ఎత్తి గోడ మీద పెడతాడు. "ఎవడు పెట్టాడయ్యా నడిరోడ్డు మీద?" అని కారులోంచి ఎవరో విసుక్కుంటారు. డ్రైవరు చేతులు దులుపుకుంటూ వచ్చి సీట్లో కూర్చుంటాడు.

"నాదేనండి" అంటాడు.