బుడిగి దాటిన మంచుకొండ

అనగనగా, మంచుకొండలకు అవతల, చెట్టన్నదే మొలవని చలిదేశంలో ఒక సరస్సు. అందులో తలమీద నల్లచారలున్న అడవిబాతులు కాపురముండేవి. చలికాలం వస్తే చాలు, కొండలు దాటి మన కొల్లేటికి వచ్చేసేవి. ఎంత దూరమంటారా? విమానాలు తిరిగేటంత ఎత్తుకు లేచి, ఎన్ని నదులో, ఎన్ని ఊళ్ళో దాటి రావాలర్రా.

ఆ గుంపుకి పెద్ద రెక్కలయ్య. ఎప్పుడూ తనే ముందు ఎగిరేవాడు. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. కిందటేడు తను ఎంత తొందరగా చేరాడో చెప్పుకోవడమే అతనికి పండగ.

ఆ ఏడు చారమ్మ అనే బాతు ఆలస్యంగా పొదిగింది. ఒక్క పిల్లే దక్కింది. దాని పేరు బుడిగి. రెక్కలకి ఇంకా బలం చాలదు. సరస్సు చూస్తేనేమో అంచుల్లోంచి గడ్డకట్టుకొస్తోంది. ఉండిపోతే పిల్ల బతకదు.

దారిలో ఆగుతూ పోదామని చారమ్మ రెక్కలయ్యను బతిమాలింది.

"నీ పిల్ల కోసం గుంపంతా నత్తల్లా పాకాలా?" అన్నాడు రెక్కలయ్య.

"దూరమెంతో కొండలు చెబుతాయి బావా. ఎంతసేపు పడుతుందో మనలో చిన్న రెక్క చెప్పాలి," అంది చారమ్మ.

బాతులన్నీ ముసిముసిగా నవ్వాయి. మర్నాడే గుంపు ఎగిరిపోయింది.

చారమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. బుడిగిని వెంటేసుకుని బయల్దేరింది. నీటికుంట కనబడితే దిగేది, పిల్లకి మేత చూపించేది. గాలి ఎదురొస్తే ఆగేది, వెనకనుంచి తోస్తే లేచేది. తను ముందుండి గాలిని చీలుస్తుంటే, బుడిగి అమ్మ రెక్క చాటున తేలిగ్గా తేలుతూ వచ్చేది.

తీరా కొండల కిందికి చేరితే ఏముంది? గుంపంతా అక్కడే చతికిలబడి ఉంది. రెక్కలయ్య మూడుసార్లు పైకెక్కాడట. ఈ ఏడు గాలి ఎన్నడూ లేనంత జోరుగా ఉంది; మొదటిసారి వెనక్కి నెట్టేసింది. రెండోసారి ఊపిరాడలేదు. మూడోసారి రెక్కలే ఆడలేదు. గాలినంతా ఒక్కడే మోస్తే ఆడతాయా మరి?

చారమ్మ దెప్పలేదు. "తెల్లారగట్ల గాలి సద్దుమణుగుతుంది బావా. అప్పుడు లేద్దాం. ముందుచోటు మాత్రం వంతులేసుకుందాం," అంది.

రెక్కలయ్య సరేనన్నాడు.

తూరుపు తెల్లబడుతుంటే అన్నీ లేచాయి. ముందున్నది అలిసిపోతే వెనక్కి జారేది, వెనకది ముందుకొచ్చేది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెక్కలయ్య అందరికంటే వెనక ఎగిరాడు. ఇక్కడ ఇంత సుఖమని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేమని పక్కబాతు మీద విసుక్కున్నాడు కూడా.

కొండ నడినెత్తికి వచ్చేసరికి బుడిగి తన వంతేదని అడిగింది. ఎవరూ నవ్వలేదు, దారిచ్చాయి. ఆ బుల్లి రెక్కలు నాలుగుసార్లు ఆడాయో లేదో, మంచుకొండ వెనకబడిపోయి, అవతల ఎండలో పచ్చటి నేల కనబడింది. బాతులన్నీ ఒక్కసారిగా కూశాయి. కొండలు మారుమోగాయి.

కొల్లేట్లో దిగుతుంటే గట్టుమీది కొంగ పలకరించింది. "ఏం రెక్కలయ్యా, ఈసారి ఎంతసేపట్లో వచ్చావు?"

రెక్కలయ్య వెనక్కి తిరిగి చూశాడు. బుడిగి నీళ్ళలో మునకలేస్తోంది.

"అందరం వచ్చాం," అన్నాడు.

నీతి: దారిని మనలో చిన్నవాళ్ళ రెక్కతో కొలవాలి; అందరూ చేరితేనే చేరినట్టు.