కళ్ళు దించిన కప్ప

గుండమరాజుగారికి ఆ ఉదయం ఏమీ తోచలేదు. రాజుకు తోచకపోతే సభకు మూడినట్టే. రేవులో వలకు చిక్కిన టేకు చేపను గోలెంలోనూ, తోటలో దొరికిన బోదురుకప్పను బుట్టలోనూ తెప్పించి, "ఈ రెంటిలో ఏది గొప్పది?" అని అడిగారు.

రేవు కప్పం వసూలు చేసే మంత్రి మారయ పెగ్గడ చటుక్కున లేచాడు. తనను తాను పొగుడుకోవడానికి సందు దొరికితే ఆయన ఆగడు.

"టేకు చేపే ప్రభూ! చేటంత ఒళ్ళు, కొరడాలాంటి తోక, దానిమీద విషపు ముల్లు. అచ్చం నేనే! ఇక కప్పంటారా, గుడ్లు మిటకరిస్తూ బెకబెకమంటుంది. అదిగో, మన బొల్లన!"

సభ గొల్లుమంది. విదూషకుడు బొల్లనకు ఒళ్ళు మండింది.

"బొల్లనా, కప్ప గొప్పేమిటో ఇప్పుడే చెప్పు. లేదా మూటాముల్లే సర్దుకో," అన్నారు రాజుగారు.

ఆ గొంతులో వేళాకోళం లేదు. అయినా బొల్లన నవ్వు మొహం చెదరనివ్వలేదు. ఆ మొహానికే కదా జీతం!

"పెగ్గడగారూ, తమరు టేకు చేపేనా? తర్వాత మాట మార్చరుగా?"

"ముమ్మాటికీ నేనే!"

బొల్లన గోలెం దగ్గరికి నడిచాడు.

"ప్రభూ, దీని కళ్ళెక్కడున్నాయి?"

"నెత్తిమీద."

బొల్లన కర్రతో చేపను మెల్లగా తిరగేశాడు.

"నోరు?"

"అడుగున!"

"చూశారా? కళ్ళేమో నెత్తికెక్కాయి. నోరేమో అడుగున దాక్కుంది. రేవులో ఎంత మింగినా పైనున్న తమకు కనబడదు, ప్రభూ."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. పెగ్గడ మొహం కందగడ్డయింది.

"కప్ప కళ్ళు మాత్రం నెత్తిమీద లేవా?" అని అరిచాడు.

బొల్లన ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఒక వానపామును తెప్పించి కప్ప ముందు పడేశాడు. కప్ప దాన్ని లటుక్కున అందుకుంది. గుటక వేస్తుంటే ఉబ్బిన గుడ్లు రెండూ తలలోకి దిగిపోయాయి.

"ఉన్నాయండీ. కానీ పెట్టినవారి ముందు మింగేటప్పుడు ఇది కళ్ళు దించుకుంటుంది!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. అంతవరకు ఎవరినీ లెక్కచేయని పెగ్గడ కళ్ళు నేలకు దిగాయి.

"అయ్యో, మంత్రిగారూ! తమరూ మా కప్పల్లో కలిసిపోయారా?" అన్నాడు బొల్లన జాలిగా.

రాజుగారు పెగ్గడ వేలికున్న ముద్ర ఉంగరం తీయించి బొల్లన చేతిలో పెట్టారు.

"ఈ పూటనుంచి రేవు నీది. కప్పం కప్పకే!"