సోకులప్ప తెచ్చిన రేలపూల దండ

మామిడికాయల్లో టెంక ముదిరి, గాలి కూడా కాస్త నీడ చూసుకుని కూలబడే రోజులవి. కాలవ గట్టున ఒక మామిడితోట, తోటలో ఒక కాపలా పాక. పాక ముందు కాటమ్మ అనే గేదె, సరసమ్మ అనే మేక, ఓబులు అనే కుక్క. తోట దాటితే ఎండిపోయిన గడ్డిబీడు. ఆ బీడులో ఎవరెవరు కాపురం ఉంటున్నారో చెప్పడం కష్టం. ఉన్నవాళ్ళంతా గడ్డిరంగులోనే ఉంటారు మరి.

చుక్కమ్మ అనే కౌజుపిట్ట కాపురమూ అక్కడే. ఒక గడ్డిదుబ్బు కింద కాళ్ళతో గీరి చిన్న గుంట చేసుకుని గుడ్లు పెట్టింది. పొద్దస్తమానం కదలకుండా కూర్చుని పొదిగేది. దాహమైనప్పుడు మాత్రం గుడ్ల మీద నాలుగు ఎండుటాకులు కప్పి, కాలవకి వెళ్ళి రెండు గుక్కలు తాగి వచ్చేది. వట్టి సిగ్గరి. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగిలేది కాదు.

ఒకరోజు అలా కాలవకి వెళ్ళేసరికి రేలచెట్టు కింద ఒకటే సందడి. సోకులప్ప అనే నక్క కింద కొమ్మలకి పచ్చటి రేలపూల దండలు వేలాడదీసి, తోక ఊపుతూ కేకలు పెడుతున్నాడు.

"రండమ్మా రండి! ఈ ఎండాకాలం రేలపసుపే నడుస్తోంది. పట్నంలో కళ్ళారా చూసి వచ్చాను. బట్టల కొట్ల ముందు నిలబెట్టే బొమ్మలకి కూడా ఈ రంగే చుట్టారు. మట్టిరంగు, గడ్డిరంగు, ఇవన్నీ పోయినేటి సరుకు!"

నక్కని చూసి భయం లేదా అని మీరడగొచ్చు. పట్టపగలు, పక్కనే కాటమ్మ కొమ్ములు. అక్కడ వాడు ఎవరి జోలికీ రాడు. ఓబులు కాపలా తాత వెంట తోట లోపలికి పోయిన వేళ చూసుకునే వచ్చాడు. పైగా వచ్చీ రాగానే ఒక మాట చెప్పేశాడు.

"ఎండలకి మాంసం వేడి చేస్తోందమ్మా. మానేశాను. పళ్ళూ పూలూ, అంతే!"

సరసమ్మ అప్పటికే ఒక దండ మెడలో వేసుకుని నీళ్ళలో తన నీడ చూసుకుంటోంది. "ఎలా ఉన్నాను కాటమ్మొదినా?"

"పెళ్ళికూతురులా ఉన్నావు. కానీ దండ మూతికి అందేలా ఉంది. సాయంత్రానికి నీ సోకంతా నీ కడుపులోకే పోతుంది చూడు," అంది కాటమ్మ.

"నీకూ ఒకటి తగిలించమంటావా వదినా?" అన్నాడు సోకులప్ప.

"నలుపు మీద పసుపు బాగానే ఉంటుంది. ఈ కొమ్ముకి ఒక గుత్తి పెట్టు. ఎండ మండితే మాత్రం నా చీర బురదే. అది మార్చేది లేదు."

"బురదా! కాలం ఎటు పోతోంది, నువ్వెటు పోతున్నావు?"

"కాలం ఎటు పోతే నాకేం? ఎండ నా వీపు మీద పడుతోంది, నీ వీపు మీద కాదు. వేసవిలో ఒంటిని చల్లగా ఉంచేదే బట్ట. తక్కినదంతా మోత."

సోకులప్ప మూతి తిప్పుకుని బీడు వాళ్ళ వైపు తిరిగాడు. ముందు కుందేలు చెవులయ్య దొరికాడు.

"అబ్బా, ఏం చెవులయ్యా నీవి! వాటికి ఈ పసుపు పడితే బీడంతా నీకేసే చూస్తుంది. ఊరికే ఇస్తున్నాను, తీసుకో. నీ ఇల్లెక్కడో చెప్తే చాలు. పొద్దు వాలాక వచ్చి, ఎలా కుదిరిందో చూసిపోతాను."

"తుమ్మచెట్టు పక్క దుబ్బు!" అన్నాడు చెవులయ్య. అడిగింది ఒకటైతే చెప్పేది రెండు వాడు. "తలుపు కూడా లేదు, నేరుగా వచ్చేయ్!"

అప్పుడు చూశాడు సోకులప్ప, వెనకాల ఒదిగి నిలబడ్డ చుక్కమ్మని. వాడి నాలుక ఒకసారి బయటికి వచ్చి లోపలికి పోయింది. ఎండకి కాబోలు అనుకుంది చుక్కమ్మ.

"ఎవరమ్మా అది? అయ్యో చెల్లెమ్మా, నువ్వా! గడ్డిపోచ నడిచి వచ్చిందనుకున్నాను."

అందరూ గొల్లుమని నవ్వారు. చుక్కమ్మ తల దించుకుంది.

"ఎప్పుడూ ఆ ఎండుగడ్డి వేషమేనా తల్లీ? వయసులో ఉన్నావు. ఒక దండ వేసుకుంటే నీకేం తక్కువ?" అన్నాడు సోకులప్ప, గొంతులో తేనె కలిపి.

"నాకు... ఇవన్నీ... అలవాటు లేదన్నా."

సరసమ్మ మూతి మీద చెయ్యి వేసుకున్నంత పని చేసింది. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! దీన్ని ఇలా వదిలేస్తే, రేపు పుట్టే పిల్లలు అమ్మ ఏది, గడ్డి ఏది అని వెతుక్కుంటారు."

మళ్ళీ గొల్లు. పిల్లల మాట వచ్చేసరికి చుక్కమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబుక్కున ఒక దండ ముక్కుతో అందుకుంది.

"ఇల్లెక్కడ చెల్లెమ్మా?"

"బీడులో..." అంతకు మించి నోరు రాలేదు.

"ఫరవాలేదులే. దండ వేసుకుని నీ ఇంట్లో నువ్వు కూర్చో. నాకు అదే కనిపిస్తుంది," అని నవ్వాడు సోకులప్ప.

చుక్కమ్మ దండ తెచ్చిందే గానీ వేసుకోవడానికి ధైర్యం చాల్లేదు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో! బీడులో చూసేవాళ్ళు ఎవరున్నారని? అయినా సిగ్గే. దాన్ని ఒక రాయి చాటున దాచి, వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది. ఒకటికి రెండుసార్లు మెడ చాచి చూసుకుంది. రంగు మాత్రం బాగుంది. అబద్ధమెందుకు?

మర్నాడు పొద్దున్నే పాక ముందు చెవులయ్య కథ చెబుతున్నాడు. మెడలో దండ లేదు. పూరేకు ఒకటి చెవికి అంటుకుని ఉంది.

"నిన్న సాయంత్రం నా అందం చూసి ఎవరో వెంటపడ్డారు! బీడు ఈ చివర నుంచి ఆ చివర దాకా! నేను ఎంత వంకరలు తిరిగినా వదల్లేదంటే చూసుకోండి, ఎంత మెరిసిపోయానో!"

"ఎవరు వాళ్ళు?" అంది సరసమ్మ అసూయగా.

"వెనక్కి తిరిగి చూసే తీరిక ఎక్కడిది?"

కాటమ్మ నెమరు ఆపింది. "అందానికి వెంటపడినవాడు నీ తోక దగ్గర బొచ్చు ఎందుకు పీకాడురా?"

చెవులయ్య వెనక్కి తడుముకున్నాడు. నిజమే, అక్కడ నున్నగా ఉంది.

నీళ్ళకి వెళుతూ చుక్కమ్మ ఆ మాటలు వింది. తిరిగి బీడుకి పరుగెత్తింది. రాయి చాటు నుంచి దండ తీసి గుడ్లు ఉన్న దుబ్బు మీద పరిచింది. కాలవ గట్టు దాకా నడిచి వెళ్ళి వెనక్కి తిరిగింది.

రోజూ ఈ గట్టు మీద నుంచి చూస్తే తన గూడు తనకే కనిపించేది కాదు. వంకర రాయి, దాని పక్క ముళ్ళకంప, ఇలా గుర్తులు పెట్టుకుని వెళ్ళేది. ఇప్పుడో? బీడంతా ఒక రంగు, ఆ ఒక్క దుబ్బు ఒక రంగు. గుడ్డివాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

"అమ్మో! వాడు దండలు పంచడం లేదు. గుర్తులు పెడుతున్నాడు!"

చుక్కమ్మ ఎగిరి వెళ్ళి దండ పీకేసింది. గుడ్ల మీద ఎండుటాకులు సర్దింది. ఒక గుడ్డు లోపల టిక్కుమని చిన్న చప్పుడు. పిల్లలు పెంకు కొట్టే వేళ అయింది. గూడు మార్చడానికి లేదు, వాటిని వదిలి పోవడానికీ లేదు. సాయంత్రం వాడు వస్తే? దండ కనిపించకపోతే గడ్డంతా వెతుకుతాడు.

చుట్టూ ఉన్న గడ్డిరంగునీ, దండనీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆ దండ ముక్కున కరుచుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వెళ్ళని చోటికి, పాక ముందుకి వెళ్ళింది.

ఓబులు మంచం కింద మొహం వేలాడేసుకుని పడుకుని ఉన్నాడు. రెండు వారాలుగా పాకలో కోళ్ళు మాయమవుతున్నాయి. నక్క ఎత్తుకుపోతుంటే కాపలా తాత ఓబులునే తిడుతున్నాడు. కూడు కూడా సగమే పెడుతున్నాడు. ఎన్నిసార్లు కాపు కాసినా, కుక్క వాసన ఆమడ దూరాన పసిగట్టి సోకులప్ప జారుకుంటున్నాడు.

"ఓబులు మామా," అంది చుక్కమ్మ. నలుగురూ తిరిగి చూశారు. అయినా ఆగలేదు. "నీకు రేలపసుపు బాగా నప్పుతుంది."

ఓబులు ఒక కన్ను తెరిచాడు. "ఎవరు పిల్లా నువ్వు? ఎగతాళా?"

"కాదు మామా. నువ్వూ నాలాగే ఎండుగడ్డి రంగులో ఉన్నావు. ఈ దండ నీ మీద పడితే, బీడులో దండ కనిపిస్తుంది గానీ నువ్వు కనిపించవు. సాయంత్రం నక్క దండని వెతుక్కుంటూ వస్తుంది."

ఓబులు రెండో కన్నూ తెరిచాడు. "నీ ఇల్లు ఎక్కడ?"

"అది చెప్పను," అంది చుక్కమ్మ. తన గొంతు అంత గట్టిగా వస్తుందని తనకే తెలియదు. "నక్కకీ చెప్పలేదు, నీకూ చెప్పను. కాలవ వైపు ఖాళీ దుబ్బు ఉంది. నువ్వు అక్కడ పడుకో."

కాటమ్మ పకపకా నవ్వింది. "ఒసేయ్ చుక్కీ! ఇంత మాట ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే? అంతా బాగుంది గానీ, వీడి వాసన సంగతి?"

"అందుకే నీ దగ్గరికీ వచ్చాను పెద్దమ్మా. నీ చీర కొంచెం మామకి కడతావా?"

కాటమ్మ మడుగులో పొర్లి లేచి వచ్చి, ఓబులు ఒళ్ళంతా రాసుకుపోయింది. చెవుల దాకా బురద. ఎండకి అది అట్టకట్టేసరికి కుక్క వాసన పోయి కాలవ వాసనే మిగిలింది.

"అబ్బ, ఒళ్ళు ఎంత చల్లగా ఉంది!" అన్నాడు ఓబులు. దండ తల మీద వేయించుకుని మెడ అటూ ఇటూ తిప్పాడు. "నిజం చెప్పండి. బాగున్నానా?"

"నీకు పెళ్ళి కుదరలేదంటే నమ్మరు," అంది సరసమ్మ. తన దండ అప్పటికే తినేసింది. ఓబులు దండ వైపు ఆశగా చూస్తుంటే కాటమ్మ అడ్డంగా నిలబడింది.

పొద్దు వాలింది. బీడు మీద ఎర్రటి వెలుగు. తుమ్మచెట్టు వెనక నుంచి సోకులప్ప మెల్లగా వచ్చాడు. మెడ చాచి చూశాడు. కాలవ వైపు దుబ్బులో పచ్చగా మెరుస్తోంది.

"వచ్చావా చెల్లెమ్మా దారికి!" అనుకున్నాడు. గాలిలో ముక్కు పెట్టాడు. బురద వాసన తప్ప ఇంకేం లేదు. కాలవ పక్కన బురద వాసన రాక ఏం వస్తుంది?

బీడు అవతలి మూల చుక్కమ్మ గుడ్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టింది. సోకులప్ప దాన్ని దాటుకునే వెళ్ళాడు. ఎంత దగ్గరగానంటే, వాడి కాలిగోరు దాని తోకమీది గడ్డిపోచని తొక్కింది. చుక్కమ్మ రెప్ప కూడా వేయలేదు. వాడు కిందికి చూడనేలేదు. వాడి కళ్ళన్నీ ఆ పసుపు మీదే.

దుబ్బు దగ్గర వంగాడు. "చెల్లెమ్మా, దండ ఎలా కుదిరిందో చూద్దామని వచ్చాను!" అంటూ ఎగిరి నోరు వేశాడు.

"బాగానే కుదిరింది బావా, నువ్వే చూడు!" అంటూ దుబ్బు లేచి నిలబడింది.

తర్వాత జరిగింది బీడులో వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. సోకులప్ప వెనక్కి దూకబోయి దండలో తల ఇరికించుకున్నాడు. ఓబులు మెడ నుంచి జారిన దండ వాడి మెడకి పడింది. గట్టి తీగతో వాడే అల్లాడాయె, తెగితే కదా! ఎటు పరుగెత్తినా, ఏ పొద చాటున దూరినా, పచ్చగా కనిపించిపోతున్నాడు. ఓబులు వెతికే పనే లేకపోయింది. కాలవ ఈది అవతలి ఊరి పొలిమేర దాటేదాకా తరిమాడు. తోక చివర బొచ్చు చెవులయ్య లెక్క కింద పీక్కొచ్చాడు.

"నక్కతోక తొక్కి వచ్చాను, ఇక నాకు అదృష్టమే!" అన్నాడు తిరిగి వచ్చి. నిజంగానే తాత ఆ పూట కూడు గిన్నె నిండా పెట్టాడు.

అవతలి గట్టున ఏమైందంటే, ఆ తీగ వాడిపోయి ఊడిపడేదాకా సోకులప్పకి ఒక్క ఎలుక కూడా చిక్కలేదట. అల్లంత దూరాన పసుపు కనిపించగానే అన్నీ కన్నాల్లోకి దూరేవట. చివరికి వాడు అన్న మాట నిజమైంది. పళ్ళూ పూలూ, అంతే.

పిల్లలు పుట్టి, కాళ్ళు నిలదొక్కుకుని గడ్డిలో దూరడం నేర్చాక, చుక్కమ్మ ఒక మధ్యాహ్నం కాలవకి వచ్చింది. తల వంచుకుని కాదు, నడి బాట మీద. మెడ పక్కన ఈకల్లో ఒకే ఒక్క రేలపువ్వు.

సరసమ్మ ఎగాదిగా చూసింది. "పసుపు కాలం అయిపోయిందే. ఇప్పుడు తురాయి ఎరుపు నడుస్తోంది. అయినా పెట్టుకుంటే దండ పెట్టుకోవాలి గానీ, ఒక్క పువ్వేమిటి పిసినారిలా?"

"నా గోధుమరంగు మీద ఒక్కటైతేనే ముచ్చటగా ఉంటుంది వదినా. ఇంటికి వెళ్ళేటప్పుడు ఇక్కడే తీసేసి వెళతాను," అంది చుక్కమ్మ. "ఎరుపంటావా? అదీ చూస్తాను. నాకు నచ్చితే."

అని తీరిగ్గా నీళ్ళు తాగి, నీళ్ళలో తన నీడ చూసుకుని, పువ్వు కాస్త ఇవతలికి సర్దుకుంది.

రంగు మన ఒంటికి నప్పాలి గానీ, రంగు కోసం మన ఒంటిని ఎరగా పెట్టకూడదు.