మబ్బు నీడకు అరిచిన తీతువు

ఎర్రగుట్ట కింద ఒకప్పుడు ఒక అడవి ఉండేదట. ఆ అడవిలో, ఎండాకాలం ఒక ఉదయం, సరిగ్గా ఆరు గంటలకు, కెంపి తన గూడు శుభ్రం చేసుకుంటోంది.

కెంపి తీతువు పిట్ట. తీతువులు చెట్ల మీద గూడు కట్టవు. నేల మీద గులకరాళ్లు పేర్చి, వాటి మధ్యే గుడ్లు పెడతాయి. ముందురోజు సాయంత్రం అడవిదున్నల మంద నీళ్లకు పోతూ ఆ గులకరాళ్ల మీదుగా నడిచింది. కెంపి ఇప్పుడు ముక్కుతో ఒక్కొక్క పెంకూ ఏరి అవతల పడేస్తోంది. ఆ వేసవిలో అలా జరగడం అది రెండోసారి.

అడవిలో అప్పటికి నీళ్లు మిగిలింది రెండుమూడు చోట్లే. వాటిలో మంచిది దుప్పుల చెలమ. నీళ్లు తాగాలంటే దుప్పి తల వంచాలి. తల వంచితే చిరుతపులి కనపడదు. అందుకని దుప్పులు ఏటా ఒక కాపలాదారును పెట్టుకునేవి. కాపలాదారుకు చెలమ పక్కనున్న రాతిదిబ్బ ఇచ్చేవి. ఆ దిబ్బ మీద ఎవరి గిట్టా పడకూడదన్నది అడవి కట్టుబాటు. కెంపికి కావలసింది ఆ దిబ్బే. మళ్లీ గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. ఈసారీ పోతే ఆ ఏటికి పిల్లలు లేనట్టే.

కానీ ఆ పని అడగ్గానే ఇవ్వరు. చూపుకు ఒక పరీక్ష, గొంతుకు ఒక పరీక్ష, ఆ తర్వాత పెద్దదుప్పి అడిగే ప్రశ్నలు. చూపుకూ గొంతుకూ కెంపి బెదరలేదు. ప్రశ్నలంటేనే ఆమెకు భయం.

చెలమ ఒడ్డున మద్దిచెట్టు మీద ఒక గోరువంక ఉండేది. ఏటా కొమ్మ మీద కూర్చుని ఆ పరీక్షలన్నీ వినేది. విన్నది విన్నట్టు పలకడం దాని విద్య. పరీక్షకు వెళ్లేవాళ్లందరికీ పాఠాలు చెప్పేది. గోరువంక చెడ్డది కాదు. ఏ ప్రశ్నలు వస్తాయో నిజాయితీగానే చెప్పేది. వాటితోపాటు జవాబులు కూడా చెప్పేది. భయం ఎరుగనని చెప్పాలట. అలసట తెలియదని చెప్పాలట. ఊరికే ఎన్నడూ అరవలేదని చెప్పాలట.

కెంపి అవి వల్లె వేసింది. ఇంటి దగ్గర ఆమె మగడు పెద్దదుప్పిలా గొంతు బరువు చేసి ప్రశ్నలు అడిగేవాడు.

"ఎప్పుడైనా ఊరికే అరిచావా, అమ్మాయ్?"

"ఎన్నడూ లేదు."

"మొన్న మబ్బు నీడకు అరిచింది మీ అత్తగారా? ఆ అరుపుకు నేను బురదలో పడ్డాను."

"అది పరీక్షలో చెప్పే మాట కాదులే," అంది కెంపి.

పరీక్ష రోజున పొద్దున్నే కడుపు నిండా తిని వెళ్లమన్నాడు మగడు. కెంపి రెండు పురుగులు తిని, మూడోది మింగుడుపడక వదిలేసి వెళ్లింది. చెలమ దగ్గర అప్పటికే ఒక నెమలి, ఒక ఉడత ఉన్నాయి. రెండూ తమలో తాము ఏదో గొణుక్కుంటున్నాయి. అది గోరువంక పాఠమేనని కెంపికి అర్థమైంది.

మొదట చూపు. ఎదుటి ఒడ్డున ఏమేం కదిలాయో చెప్పాలి. పొద కింద గోధుమరంగుగా ఒకటి కనిపించింది. రాయో జంతువో కెంపికి తేలలేదు. తేల్చుకుందామని దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఈలోగా పక్కన రెండు తొండలు, ఒక ముంగిస దాటిపోయాయి. అవి ఆమె లెక్కలోకి రాలేదు. నెమలి అన్నీ చెప్పేసింది. రెండోది గొంతు. అందులో కెంపి అరుపు గుట్ట అవతలి గొర్రెలకు కూడా వినపడింది. ఉడత చెవులు మూసుకుంది.

మూడోది ప్రశ్నలు. పెద్దదుప్పి ముసలిది. ఒక చెవి చిరిగి ఉంది. నెమరు వేస్తూ, తొందర లేకుండా అడిగింది.

భయం ఎరుగనంది నెమలి. కాసేపాగి, చిరుత కనిపిస్తే ముందు ఏం చేస్తావని అడిగింది పెద్దదుప్పి. చెట్టెక్కుతానంది నెమలి.

"భయం లేనివాడికి చెట్టెందుకు నాయనా?" అంది పెద్దదుప్పి.

పడుచు దుప్పులు నవ్వాయి. ఊరికే ఎప్పుడైనా అరిచావా అన్న ప్రశ్నకు నెమలి "ఎన్నడూ లేదు" అంది. ఉడత కూడా అదే గొంతుతో, అదే చోట ఆగి, "ఎన్నడూ లేదు" అంది. పెద్దదుప్పి మళ్లీ నెమరు వేసుకుంది.

కెంపి వంతు వచ్చింది. అదే ప్రశ్న. జవాబు నాలుక చివరే ఉంది. అది పలికితే చాలు. కానీ కెంపి కళ్లు రాతిదిబ్బ మీద పడ్డాయి. రేపు ఆ దిబ్బ మీద తన గుడ్లు ఉంటాయి. మీదుగా ఏదో నీడ వెళుతుంది. మబ్బో, గద్దో, చిరుతో తెలియదు. ఊరికే అరవనని మాట ఇచ్చి వచ్చినందుకు అప్పుడు నోరు మూసుకు కూర్చోవాలి. అది తన వల్ల కాదు.

"అరిచాను పెద్దమ్మా," అంది కెంపి. "మొన్న మబ్బు నీడను చూసి చిరుత అనుకున్నాను. అడవంతా లేచింది."

పెద్దదుప్పి నెమరు ఆపింది.

"ఆ తర్వాత?"

"సిగ్గుపడ్డాను. ఇప్పుడు నీడ కనపడితే ముందు తలెత్తి ఆకాశం చూస్తున్నాను. మబ్బయితే ఊరుకుంటాను. తేలకపోతే అరుస్తాను. ఆ అలవాటు మాత్రం పోలేదు."

పెద్దదుప్పి లేచి ఆమె దగ్గరకు వచ్చింది.

"అమ్మాయ్, కేక వినగానే మేము పరుగెత్తం. ముందరి కాలు ఒకటి ఎత్తి, నిలబడి చూస్తాం. నిజమో కాదో తేల్చుకోవడం మా పని. అనుమానం రాగానే అరవడం నీ పని. నిరుడు కాపలాకు పెట్టుకున్నవాడు ఎన్నడూ ఊరికే అరవనన్నాడు. మాట తప్పలేదు. చిరుతేనని తేలేదాకా నోరు విప్పలేదు. తేలేసరికి నా కూతురు లేదు."

చూపు పరీక్షలో తాను తప్పానని కెంపి మెల్లగా గుర్తుచేసింది. తేలని దాన్నే పట్టుకుని ఉండిపోయి మిగతావి వదిలేశావని, ఇకమీదట దాన్ని పక్కన పెట్టి ముందుకు చూడమని పెద్దదుప్పి చెప్పింది. చూపు నేర్చుకోవచ్చంది. నెమలి, ఉడత వెళ్లిపోయాయి. సాయంత్రానికి కెంపి, ఆమె మగడు కలిసి రాతిదిబ్బ మీద గులకరాళ్లు పేర్చారు.

కొన్నాళ్ల తర్వాత, గుడ్లు పొదుగుతూ ఉండగా, కెంపికి ఒక కబురు తెలిసింది. అవతలి లోయలో కొండముచ్చులు కూడా కాపలాకు పరీక్ష పెట్టాయి. మూడు పిట్టలు వెళ్లాయి. మూడూ మద్దిచెట్టు దగ్గర పాఠం చెప్పించుకున్నవే. ఊరికే ఎప్పుడైనా అరిచావా అని అడిగితే, మూడూ ఒకే చోట ఆగి, ఒకే మాట చెప్పాయట: "అరిచాను పెద్దయ్యా. మొన్న మబ్బు నీడను చూసి చిరుత అనుకున్నాను."

మూడింటినీ కొండముచ్చులు వెనక్కి పంపేశాయి.

నీతి: ప్రశ్నలు ఏవో ముందే తెలుసుకుని సిద్ధం కావడం మంచిదే. జవాబు మాత్రం మనదై ఉండాలి. ఎందుకంటే రేపు ఆ పని చేయవలసింది మనమే.